ఒక్క రూపాయికే పండగ బాక్స్ అని నొక్కేశారా? దసరా పోయినా ఖాతాలో కోత ఆగదు.. వరంగల్ ఆడబిడ్డలకు తెలియాల్సిన లెక్క ఇదీ!

బతుకమ్మ దగ్గర పడిందంటే వరంగల్‌లో ఏ ఇంట్లోనూ తీరిక ఉండదు. ఇల్లు దులపాలి, గడపలకు పసుపు రాయాలి, పుట్టింటికొచ్చే ఆడబిడ్డకు చీర తీయాలి. బట్టలబజార్‌లో కాలు పెట్టే సందుండదు. హన్మకొండ చౌరస్తాలో బండి తిప్పే జాగ ఉండదు. ఈ హడావుడి మధ్యలో కాసేపు కూర్చుని ఫోన్ తీస్తే.. రెండు రీల్స్ అవ్వగానే ఒక యాడ్. అందమైన డబ్బా, దానికి ఎర్రటి రిబ్బను. లోపల లిప్‌స్టిక్, సీరమ్, రెండు రకాల స్వీట్లు, ఒక దీపాల దండ. "ఫస్ట్ బాక్స్ ఒక్క రూపాయికే" అని పెద్దక్షరాలు. కింద ఒక బటన్.

ఏమైతది, ఒక్క రూపాయే కదా అని నొక్కేస్తాం.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ బాక్సులన్నీ మోసం కాదు. చాలా వరకు చట్టబద్ధంగా నడిచే వ్యాపారాలే. అసలు చిక్కు డబ్బాలో ఉన్న వస్తువుతో కాదు. ఆ రూపాయి కట్టేటప్పుడు మనం ఫోన్‌లో ఇచ్చిన అనుమతితో. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. ఆ అనుమతి మాత్రం మనం ఆపేదాకా అయిపోదు. అది ఎలా పని చేస్తుంది, ఎక్కడ ఆపాలి, డబ్బాలో వచ్చిన క్రీము మొహానికి పూసే ముందు ఏం చూడాలి.. ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఈ బాక్సుల కథ ఎక్కడ మొదలైంది?

2010లో అమెరికాలో. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో కలిసి చదువుకున్న ఇద్దరు మహిళలు, హేలీ బార్నా, కాటియా బోషాం, న్యూయార్క్‌లో బర్చ్‌బాక్స్ అనే కంపెనీ పెట్టారు. నెలకు పది డాలర్లు కడితే నాలుగైదు బ్యూటీ శాంపిళ్లు డబ్బాలో పెట్టి ఇంటికి పంపేవాళ్లు. ఏమొస్తుందో ముందు తెలియదు. ఆ సస్పెన్సే దాని ఆకర్షణ. అది హిట్టవ్వడంతో అదే మోడల్‌లో ప్రపంచమంతా బాక్సులు పుట్టుకొచ్చాయి.

మన దేశంలో 2012లో ఫ్యాబ్ బ్యాగ్ వచ్చింది. షార్క్ ట్యాంక్ ఇండియా షోలో కనిపించే వినీతా సింగ్ గుర్తున్నారు కదా? ఆమె, ఆమె భర్త కౌశిక్ ముఖర్జీ నడిపిన వ్యాపారమే అది. ఆ తర్వాత వాళ్లే షుగర్ కాస్మెటిక్స్ బ్రాండ్‌తో పెద్ద స్థాయికి వెళ్లారు. బాక్సులు కొన్న అమ్మాయిలు ఏ షేడ్ ఇష్టపడుతున్నారు, ఏది వద్దంటున్నారు అనేది ఆ బాక్సుల ద్వారానే తెలిసిందని చెబుతారు. అంటే బాక్స్ కొన్నవాళ్లు కస్టమర్లే కాదు, సర్వేలో పాల్గొన్నవాళ్లు కూడా.

ఇక్కడే అసలు కిటుకు. శాంపిల్ అనేది బ్రాండ్‌కు ప్రచారం. షాపులో అయితే దాన్ని సేల్స్ గర్ల్ మన చేతిలో ఊరికే పెడుతుంది. బాక్సులో అయితే అదే శాంపిల్‌కు మనం డబ్బు కడతాం. "రెండు వేల రూపాయల విలువైన వస్తువులు 599కే" అని రాస్తారు చూడండి.. ఆ రెండు వేలు ఎలా వచ్చాయి? పెద్ద సీసా ఎంఆర్‌పీని మిల్లీలీటర్లతో భాగించి, మనకు వచ్చిన చిన్న సీసాకు లెక్కగట్టి రాసే అంకె అది చాలాసార్లు. ఆ చిన్న సీసా మనకు నిజంగా అవసరమా అనేది ఆ లెక్కలో ఉండదు.

అయినా సరదాగా ఒకసారి కొనుక్కోవాలనిపిస్తే తప్పేం లేదు. పండగ పూట అక్కాచెల్లెళ్లు కూర్చుని డబ్బా విప్పి పంచుకోవడంలో ఒక సంబరం ఉంది. కాకపోతే ఒకసారి కొనే బాక్స్ వేరు, నెలనెలా వచ్చే బాక్స్ వేరు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. ఒకసారి కొనేదానికి రేటు ఎక్కువ పెట్టి, నెలనెలా దానికి తక్కువ పెడతారు. మన వేలు తక్కువ రేటు మీదకే పోతుంది.

ఒక్క రూపాయి ఎందుకు తీసుకుంటారు?

ఆ రూపాయితో వాళ్లకు వచ్చేదేం లేదు. వాళ్లకు కావాల్సింది మన యూపీఐ పిన్. ఆ పిన్ కొట్టడంతో మనం రూపాయి పంపడమే కాదు, "ఇక మీదట నెలనెలా మీరే తీసుకోండి" అని బ్యాంకుకు ఒక ఆర్డర్ ఇచ్చినట్టు. దీన్నే యూపీఐ ఆటోపే అంటారు. ఎన్‌పీసీఐ 2020లో తెచ్చింది. కరెంటు బిల్లు, ఓటీటీ, సిప్‌ల వంటి వాటికి నిజంగా పనికొచ్చే సౌకర్యమే.

పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద మూడు విషయాలు ఉంటాయి. గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు. ఎన్ని రోజులకోసారి. ఎప్పటిదాకా. మొదటి రోజు కట్టేది ఒక్క రూపాయే అయినా, గరిష్ఠం దగ్గర వేరే అంకె ఉండొచ్చు. ముగింపు తేదీ దగ్గర ఎన్నో ఏళ్ల తర్వాతి సంవత్సరం ఉండొచ్చు. పండగ హడావుడిలో, పక్కన పొయ్యి మీద గారెలు కాగుతుండగా, ఎవరు చదువుతారు చెప్పండి?

ఒక లెక్క వేద్దాం. నెలకు 599 రూపాయల బాక్స్ అనుకుందాం. ఏడాదికి 7,188 రూపాయలు. పండగకు కొన్న డబ్బా ఒక్కటే. మిగతా పదకొండు డబ్బాలు కార్తీకంలోనూ వస్తాయి, ఎండాకాలంలోనూ వస్తాయి. లిప్‌స్టిక్ ఒకటి అయిపోకముందే మూడు పోగవుతాయి.

ఇంకో సంగతి. మన ఇళ్లలో చాలాచోట్ల ఫోన్ ఒకరిది, వేలు ఇంకొకరిది. అమ్మ ఫోన్‌లో బిడ్డ ఆర్డర్ పెడుతుంది. బ్యాంకు ఖాతా అమ్మది. అందులో పడేది ఆమె బీడీల కూలో, సంఘం లోన్ డబ్బో, ఆసరా పింఛనో కావచ్చు. నెల నెలా 599 పోతుంటే, ఎందుకు పోతున్నాయో ఆమెకు తెలియదు. బ్యాంకుకు పోయి అడిగితే "మీరే అనుమతి ఇచ్చారమ్మా" అంటారు. అదీ నిజమే.

యాప్ తీసేస్తే ఆగిపోతుందా?

ఆగదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. బాక్స్ కంపెనీ యాప్‌ను ఫోన్‌లోంచి డిలీట్ చేసినంత మాత్రాన ఆటోపే రద్దు కాదు. ఆ ఆర్డర్ ఉన్నది యాప్‌లో కాదు, మన బ్యాంకు దగ్గర.

ఆపాలంటే మనం డబ్బు కట్టిన యూపీఐ యాప్ తెరవాలి. ఫోన్‌పే అయినా, గూగుల్ పే అయినా, పైన మూలకు ఉన్న మన ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే వచ్చే పేజీలో ఆటోపే అని ఉంటుంది. దాన్ని తెరిస్తే మన ఖాతా నుంచి ఎవరెవరికి అనుమతి ఉందో మొత్తం జాబితా కనిపిస్తుంది. చాలామందికి ఇక్కడే షాక్. ఎప్పుడో లాక్‌డౌన్‌లో సినిమా కోసం పెట్టుకున్న యాప్ కూడా అందులో ఉంటుంది. వద్దనుకున్నదాన్ని తెరిచి, రద్దు నొక్కి, యూపీఐ పిన్ కొడితే సరిపోతుంది. కంపెనీ అనుమతి అక్కర్లేదు, వాళ్లకు ఫోన్ చేయక్కర్లేదు. అయితే కంపెనీ యాప్‌లో కూడా సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయడం మంచిది. లేకపోతే "బాకీ ఉంది" అని మెసేజ్‌లు వస్తూ ఉంటాయి.

డెబిట్ లేదా క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే యూపీఐ యాప్‌లో కనిపించదు. బ్యాంకు యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో ఈ-మాండేట్లు లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనే చోట వెతకాలి.

ఆర్‌బీఐ దీనికి కొన్ని కట్టుబాట్లు పెట్టింది. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డులు, యూపీఐ మీద నెలనెలా జరిగే ఇలాంటి చెల్లింపులకు కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. అందులో ఎవరు తీసుకుంటున్నారు, ఎంత తీసుకుంటున్నారు అన్నది ఉండాలి. వద్దనుకుంటే ఆపే దారీ ఉండాలి. ఈ పద్ధతిలో మళ్లీ పిన్ అడగకుండా తీసుకునే పరిమితి అప్పట్లో 5,000 రూపాయలు. 2022 జూన్‌లో దాన్ని 15,000కు పెంచారు. అంటే నెలకు ఐదారు వందల బాక్సుకు రెండోసారి మన పిన్ అడగరు. ఆ 24 గంటల మెసేజ్ ఒక్కటే మనకున్న హెచ్చరిక. దసరా, దీపావళి ఆఫర్ల మెసేజ్‌లు రోజుకు ముప్పై వస్తుంటే, అది వాటి మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది. మన అనుభవంలో ఉన్నదే కదా ఇది.

పెట్టడానికి ఒక్క నొక్కుడు, తీయడానికి పది!

చేరేటప్పుడు ఒకే బటన్. మానేసేటప్పుడు మాత్రం "నిజంగా వెళ్లిపోతున్నారా?", "మీ కోసం ఇంకో ఆఫర్", "కారణం చెప్పండి" అంటూ పేజీ మీద పేజీ. ఇది ఏదో అనుకోకుండా జరిగింది కాదు. అలా డిజైన్ చేస్తారు. మన దేశంలో దీనికి చట్టపరంగా ఒక పేరే ఉంది. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాల వలలను గుర్తించి నిషేధించింది. రద్దు చేసుకునే దారిని దాచిపెట్టడం, చుట్టూ తిప్పడం, ఉచిత ట్రయల్ కోసమని బలవంతంగా ఆటోపే వివరాలు అడగడం.. ఇవన్నీ ఈ ట్రాప్ కిందకే వస్తాయి.

మిగతావి కూడా పండగ యాడ్లలో రోజూ చూసేవే. "ఇంకా రెండే బాక్సులు మిగిలాయి" అని గడియారం తిప్పడం ఒకటి. మనం అడగని వస్తువును బిల్లులో కలిపేయడం ఇంకొకటి. "వద్దు, నాకు అందంగా కనిపించడం ఇష్టం లేదు" అని రాసిన బటన్ పెట్టి సిగ్గుపడేలా చేయడం మరొకటి. చివరిది చూస్తే నవ్వొస్తుంది గానీ, దాని మీద నొక్కడానికి నిజంగానే చాలామంది మొహమాటపడతారు.

పెద్ద కంపెనీల మీదా ఇలాంటి కేసులు నడిచాయి. అమెరికాలో అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు వేసింది. అడగకుండా చేర్చుకున్నారని, మానేసే దారిని కష్టం చేశారని ఆరోపణ. ఆ మానేసే ప్రక్రియకు కంపెనీ లోపల "ఇలియడ్" అని పేరు పెట్టుకున్నారట. ఎంతకూ తెగని యుద్ధం మీద గ్రీకులు రాసుకున్న మహాకావ్యం పేరది. 2025 సెప్టెంబర్‌లో ఆ కేసు 250 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ ఆ మొత్తానికి అంగీకరించింది.

సరే, డబ్బా వచ్చింది.. లోపలిది మొహానికి పూయొచ్చా?

ఇక్కడ డబ్బు కంటే ఎక్కువే పోతుంది కాబట్టి కాస్త ఆగి చదవండి. కాస్మెటిక్స్ నిబంధనలు 2020 ప్రకారం మన దగ్గర అమ్మే క్రీము, లిప్‌స్టిక్ ఏదైనా సరే, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎప్పటిలోగా వాడాలి అనేవి లేబుల్ మీద ఉండాలి. విదేశీ వస్తువైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. బాక్సులో వచ్చే చిన్న ట్యూబుల మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి జూమ్ చేసుకుని చదవండి. తేదీ లేకపోయినా, తయారీదారు పేరు లేకపోయినా పక్కన పెట్టేయండి. మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అని ఉంటే.. తెరిచాక ఆరు నెలలు, పన్నెండు నెలలు వాడొచ్చని అర్థం.

మొహం తెల్లబడుతుందని చెప్పే పేరు లేని క్రీములు వస్తే మాత్రం అసలు తెరవకండి. కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే, వాళ్లలో చాలామంది సరైన లేబుల్ లేని ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు 2023లో బయటపడింది. అలాంటి క్రీముల్లో కలిసే పాదరసం చర్మంలోంచి లోపలికి దిగి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

మంచి బ్రాండ్‌దే అయినా కొత్త క్రీమును సద్దుల బతుకమ్మ పొద్దున మొదటిసారి పూసుకోవద్దు. మోచేతి మడత దగ్గర కొంచెం రాసి ఒకట్రెండు రోజులు చూడాలి. దురద, ఎర్రదనం లేకపోతేనే మొహానికి. సీరమ్‌లలో రెటినాల్, ఆమ్లాలు ఉన్నవి రాసుకుని ఎండలో తిరిగితే చర్మం మండుతుంది. బతుకమ్మ అంటేనే ఆరుబయట ఆడేది కదా.

గోరింటాకు కోన్ల విషయం కూడా చెప్పాలి. చెట్టు మీది ఆకు రుబ్బి పెట్టుకుంటే ఎర్రగా పండుతుంది. గంటలోనే నల్లగా పండే కోన్ అంటే అందులో జుట్టుకు వేసే రంగు రసాయనం, పీపీడీ, కలిసి ఉండే అవకాశం ఎక్కువ. కొందరికి చేతుల మీద బొబ్బలు లేస్తాయి. మచ్చలు నెలల తరబడి పోవు.

రేటు దగ్గర ఒక చిన్న చెక్. 2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, తలనూనె, ఒంటి సబ్బు, ఫేస్ పౌడర్, టాల్కమ్ పౌడర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. లిప్‌స్టిక్, నెయిల్ పాలిష్, క్రీముల వంటివి 18లోనే ఉన్నాయి. పాత ఎంఆర్‌పీతో "విలువ" లెక్కగట్టిన బాక్సులు కనిపిస్తే తేడా మీకే తెలుస్తుంది.

తినుబండారాల బాక్స్.. ముందు మన తొమ్మిది రోజుల మెనూ చూడండి

రోజుకో కొత్త రుచి, ముందే ఖాయమైన వరస.. ఆలోచిస్తే బతుకమ్మ నైవేద్యాలకు మించిన ఫెస్టివల్ బాక్స్ ఏదీ లేదు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలు, నువ్వులు, నూకలతో. రెండో రోజు అటుకులు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు. నాలుగో రోజు నానబియ్యం, పాలు, బెల్లం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు అమ్మవారు అలుగుతుంది, నైవేద్యమే లేదు. ఏడో రోజు వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయించిన బియ్యప్పిండి ఉండలు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు. తొమ్మిదో రోజు సద్దులు.. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది. దాంతో పాటు మలీద. మధ్యలో ఒక రోజు ఏమీ ఉండని ఏర్పాటు ఏ సబ్‌స్క్రిప్షన్‌లోనూ చూడం!

మలీదను చూస్తే డబ్బాలో వచ్చే తిండికీ, ఇంటి తిండికీ తేడా ఏంటో తెలుస్తుంది. రొట్టెలు కాల్చి, వేడి మీదే నలిపి, బెల్లం, నెయ్యి వేసి ఉండ కడతారు. ఒకట్రెండు రోజులకు మించి ఉంటే ఆ రుచి ఉండదు. దాన్ని డబ్బాలో పెట్టి వేరే రాష్ట్రం గోడౌన్‌లో ఉంచి అమ్మలేరు. సకినాలు అలా కాదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము.. తడి లేకుండా వేగుతాయి కాబట్టి వారాల తరబడి నిల్వ ఉంటాయి. అందుకే సంక్రాంతి వంటకమైన సకినాలు ఇప్పుడు దసరా బాక్సుల్లోకీ ఎక్కాయి. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు పార్సిల్‌లో పోయేవీ అవే.

నిల్వ ఉండేదానికైనా తేదీ చూడాల్సిందే. పాత నూనె వాసన వస్తే తినొద్దు. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉండాలి. ఆ సంస్థ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే తిండి మన చేతికి వచ్చేసరికి దాని నిల్వ కాలంలో కనీసం 30 శాతమో, ఎక్స్‌పైరీకి 45 రోజులో మిగిలి ఉండేలా చూడాలని 2024 నవంబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. షాపులో విడిగా అమ్మే స్వీట్లకు కూడా ఎప్పటిలోగా తినాలో ట్రే దగ్గర రాయడం 2020 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి. అడగడానికి మొహమాటం ఎందుకు?

పదార్థాల జాబితా కూడా ఒకసారి చూడండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది రూల్. "బెల్లం లడ్డు" అని పేరు పెట్టి, జాబితాలో మొదట చక్కెర ఉంటే ఆ లడ్డు సంగతి అర్థమైనట్టే.

గోడకు వేలాడేది ఎక్కడి నుంచి వచ్చింది?

హోమ్ డెకార్ బాక్సుల్లో ఎక్కువగా కనిపించేవి ప్లాస్టిక్ బంతిపూల దండలు, కొయ్యపొడి అట్టల మీద ప్రింట్ కొట్టిన బొమ్మలు, దీపాల లైట్లు. మామిడాకుల తోరణం ఇంటి ముందు చెట్టుకే దొరుకుతుంది. బంతిపూలు ఎలాగూ బతుకమ్మకు తెస్తాం. అయినా ప్లాస్టిక్ దండ కొంటాం, వచ్చే ఏడాదికి పనికొస్తుందని. వచ్చే ఏడాదికి దాని మీద దుమ్మే ఉంటుంది. లైట్లు కొంటే మాత్రం బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. సన్నటి తీగతో చేసిన చవక దండలు రాత్రంతా వెలిగితే వేడెక్కుతాయి. వాటి పక్కనే కర్టెన్ ఉంటుంది మరి.

అసలు బాధ అది కూడా కాదు. ఇంటికి అలంకారం అంటే ఊళ్లో దొరకనిదేదో కావాలనుకుంటున్నాం. మనది ఏ ఊరు? 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు తివాచీలు పంపిన ఊరు. ఇప్పటికీ కొత్తవాడలో మగ్గాల మీద దర్రీలు నేస్తున్నారు. మన ఇళ్లలో షత్రంజీ, జంపఖానా అని పిలుచుకునేవి ఇవే. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఎక్కడో మిషన్ మీద చేసినదానికి ఆ పేరు పెట్టి అమ్మడం చట్టరీత్యా కుదరదు.

గుర్తు పట్టడం తేలికే. దర్రీని వెనక్కి తిప్పి చూడండి. నేసినదైతే రంగు, డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి, ఎటు వేసుకున్నా ఒకటే. ఒక వైపు మెరిసి, రెండో వైపు వెలిసినట్టు తెల్లగా ఉందంటే అది మిషన్ బట్ట మీద కొట్టిన ప్రింట్. కలంకారీ అద్దకం వేసిన దర్రీలు వేరు. అవి చేత్తో నేసిన దాని మీదే అద్దుతారు కాబట్టి, అడిగి తెలుసుకోండి.

పెంబర్తి ఇత్తడి పనికీ 2010లో జీఐ వచ్చింది. జనగామ దాటి హైదరాబాద్ రోడ్డు మీద పోతుంటే కనిపించే ఊరే. ఒకప్పుడు మన జిల్లాదే. చేర్యాల నకాషీ బొమ్మలూ అంతే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయాయి గానీ పాత వరంగల్ జిల్లావే. చింతగింజల జిగురు, రంపపు పొట్టుతో చేసే చేర్యాల మాస్కు ఒకటి గోడకు పెడితే దాని ఎర్రదనం ముందు ఏ ప్రింటూ నిలవదు. ధర ఎక్కువ అనిపిస్తుంది, నిజమే. ఏడాదికి 7,188 రూపాయల బాక్సు లెక్క మళ్లీ ఒకసారి చూసుకుని అప్పుడు చెప్పండి. చేతి పనుల్లో చాలా వాటి మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి దిగింది.

డబ్బు పోయింది.. ఇప్పుడేం చేయాలి?

మొదట ఆటోపే రద్దు చేయండి. పోయిన డబ్బు గొడవ తర్వాత, ముందు పోయేది ఆగాలి. రద్దయినట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ తర్వాత కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం ఆ అధికారి పేరు, వివరాలు సైట్‌లో ఉండి తీరాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి.

అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ముంబైలో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. కొన్న విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. 599 రూపాయల కోసం కేసేంటి అని మీకే అనిపించొచ్చు. సరిగ్గా ఆ లెక్క మీదే కొన్ని కంపెనీలు ధీమాగా ఉంటాయి.

ఇక సైటే దొంగదైతే, రూపాయి కట్టమని లింకు పంపి ఖాతా ఊడ్చేస్తే, అది వినియోగదారుల కేసు కాదు, సైబర్ నేరం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఒకవేళ మీరు ఇప్పటికే బాక్స్ బుక్ చేసి ఉంటే, డబ్బు కట్టిన తేదీ చూసుకోండి. వచ్చే నెల అదే తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అమ్మ ఫోన్‌తో కట్టి ఉంటే అలారం కూడా అమ్మ ఫోన్‌లోనే, ఆటోపే పేజీ ఎక్కడుందో ఆమెకు ఒకసారి చూపించి మరీ పెట్టండి.